ఆదివారం మాత్ర

2024 ఏప్రిల్ 12, శుక్రవారం

దురద మళ్ళీ మొదలైంది. పోయిన నెలలాగే బహిష్టుకి నాలుగు రోజుల ముందు. సింధియా దాటేసరికి బస్సులో సీటు దొరికినా కూర్చోలేక లేచి నిలబడ్డాను. ఏప్రిల్ ఉక్క, సముద్రం మీంచి వచ్చే తేమ, విశాఖ పోర్టు రోడ్డు మీద లారీల దుమ్ము. ఆఫీసుకి చేరేసరికే లోపలి బట్టలు చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయాయి. దిగుమతి సరుకుల బిల్ ఆఫ్ ఎంట్రీలు సరిచూస్తున్నంతసేపూ మనసు అంకెల మీద లేదు. మధ్యాహ్నం బాత్రూములో చూసుకుంటే విరిగిన పాలలా ముద్దముద్దగా తెల్లబట్ట. వాసనేమీ లేదు. చర్మం ఎర్రగా కంది, మూత్రం తగిలితే మండుతోంది.

సాయంత్రం గాజువాకలో మందుల షాపు ముందు నిలబడ్డాను. పక్కన ఇద్దరు మగవాళ్ళు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, "ఫంగస్‌కి మాత్ర" అన్నాను. కుర్రాడు ఏమీ అడక్కుండానే ఒక ఫ్లుకొనజోల్ మాత్ర, ఒక యాంటీబయాటిక్ కలిపి కవరులో వేసి ఇచ్చాడు. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. మాత్ర వేసుకుంటే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, నాకు తెలుసు. తర్వాత మళ్ళీ వస్తుందనీ తెలుసు. ఇవాళ్టి నుంచి వచ్చిన తేదీ, వాడిన మందు, తగ్గిన తేదీ ఈ పుస్తకంలోనే రాస్తాను. ఎవరికైనా చెప్పాల్సి వస్తే నోరు పెగలకపోయినా కాగితం చూపించగలను.

ఏప్రిల్ 28, ఆదివారం

కంచరపాలెం వదిన వచ్చింది. ఆవిడ చూపు నుంచి ఏదీ దాగదు. "ఏటే, అలా కూకుంటున్నావు? పైల్సా?" అంది. లేదని చెప్పి, ఉన్నదంతా చెప్పాను. వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ ఉంది. మీ అన్నయ్యగారికి కూడా చెప్పలేదు" అంది. ఎన్నేళ్ళుగా? పిల్లలు పుట్టినప్పటి నుంచీ.

వేడి చేసిందని సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తాగమంది. తాగితే దాహం తీరుతుంది, మంచిదే. కానీ ఈ దురదకి కారణం ఒంట్లో వేడి కాదు. క్యాండిడా అనే ఈస్ట్ మన లోపల ఊరికే ఉంటుంది, పెరిగే వీలు దొరికితే పెరుగుతుంది. నలుగురు ఆడవాళ్ళలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందట. ఒకసారి వచ్చి పోతే ఎవరూ దాన్ని పెద్దగా తలుచుకోరు. పదేపదే వచ్చేవాళ్ళ మాట వేరు. వదిన చిన్నప్పుడు వారపత్రికలో డాక్టర్ సమరం గారి ప్రశ్నలు జవాబుల పేజీ దాచుకుని చదివేదట. "ఈ ప్రశ్న అందులో ఎవరో ఒకరు అడిగే ఉంటారు. నేను మాత్రం రాయలేకపోయాను" అంది. నాకు ఏడుపొచ్చింది. పేరు లేకుండా ఉత్తరం రాయడానికి కూడా ఇంత సిగ్గుపడాలా!

మే 13, సోమవారం

పోలింగ్. స్కూల్లో ఎండలో బారులు తీరి నిలబడ్డాం. మళ్ళీ అదే. నెల తిరగ్గానే వచ్చింది.

ఇంట్లో చేసినవన్నీ గుర్తున్నంతవరకూ రాస్తున్నాను. వేపాకు కాచిన నీళ్ళతో కడిగితే మంట రెట్టింపయింది. ఘాటు వాసన వేసే వాష్ ఒకటి కొన్నాను, దాంతో చర్మం పొడిబారి చిట్లింది. లోపల కడగడం అసలు పనికిరాదని తర్వాత చదివాను. అక్కడ మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా ఉంటుంది, కడిగి కడిగి దాన్నే పోగొట్టుకుంటాం. పెరుగు రాయమని ఒకరు, తినమని ఒకరు. తినడం మనకెలాగూ అలవాటే. రాసుకుంటే చల్లగా ఉంటుందంతే, జబ్బు పోతుందనడానికి గట్టి ఆధారం లేదు.

పోయిన ఏడాది ఒక నర్సింగ్ హోముకి వెళ్తే బల్ల మీద పడుకోబెట్టి చూడనైనా లేదు. నేను చెప్పిన రెండు ముక్కలు విని చీటీ రాసేశారు. ఆ చీటీలోని మాత్రనే మందుల షాపులో మళ్ళీ మళ్ళీ అడిగి కొంటున్నాను.

మే 22, బుధవారం

మహారాణిపేటలో పెద్దాసుపత్రి చుట్టూ వీధి వీధంతా క్లినిక్కులూ ల్యాబులే. అక్కడ ఒక గైనకాలజిస్టు దగ్గరికి ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. పేరు పిలవగానే లోపలికెళ్ళి ఈ పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాను. తేదీలన్నీ వేలితో చూస్తూ చదివారు. "ఏడాదిలో మూడు నాలుగు సార్లు వస్తే దాన్ని విడివిడిగా చూడకూడదమ్మా. ఇదంతా ఒకటే జబ్బు" అన్నారు.

తర్వాత పరీక్ష చేశారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. పుల్లకి దూది చుట్టి లోపలి నుంచి స్రావం తీశారు. ఒక కాగితం మీద అద్ది రంగు చూశారు. యోనిలో ఆమ్లం ఎంతుందో అది చెబుతుందట. ఈస్ట్ జబ్బులో ఆ కొలత, అంటే పిహెచ్, మామూలుగానే 4.5 లోపే ఉంటుంది. చేపవాసన వేసే బ్యాక్టీరియల్ వజైనోసిస్‌లో అంతకంటే పెరుగుతుంది. ఆ జబ్బుకి మందే వేరు. తెల్లబట్ట అవగానే ఒకటే మాత్ర అనుకునేవాళ్ళకి ఈ తేడా ఎవరు చెబుతారు? మిగతా స్రావాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. ఈస్ట్ పోగులు కనిపించాయి. అయినా కల్చర్‌కి పంపారు, ఏ రకం క్యాండిడానో తెలియాలని.

చివర్లో, "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని అడిగారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, పోయిన ఏడాది నుంచి డాపాగ్లిఫ్లోజిన్ అన్నాను. పెన్ను పక్కన పెట్టి వివరంగా చెప్పారు. ఆ మాత్ర రక్తంలోని చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతుంది. గుండెకీ కిడ్నీకీ మంచి మందే. కానీ చక్కెర కలిసిన మూత్రం రోజంతా ఆ చోట తగులుతుంటే ఈస్ట్‌కి మేత దొరికినట్టే. ఆ మందుకున్న, బాగా తెలిసిన ఇబ్బందుల్లో ఇది ఒకటట. దాని మొదటి పేటెంటు 2020లో తీరాక చౌక కంపెనీల మాత్రలొచ్చాయి, ఇప్పుడు చాలామందికి రాస్తున్నారు. నాతో మాత్రం ఎవరూ ఈ మాట అనలేదు. మీ అంతట మీరు ఆపొద్దు, షుగర్ డాక్టర్ని అడగండి అని ఆయనకి ఒక చీటీ రాసిచ్చారు.

బయటికొచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఇన్నాళ్ళు నా శుభ్రత మీదే అనుమానం. ఎంత కడిగాను, ఎంత ఉతికాను!

మే 29, బుధవారం

కల్చర్ రిపోర్టు: క్యాండిడా ఆల్బికన్స్. మామూలు మందుకి లొంగే రకం. షుగర్ డాక్టరుగారు డాపాగ్లిఫ్లోజిన్ తీసేసి వేరే మాత్ర రాశారు. గ్లిమెపిరైడ్ వద్దన్నారు. అది ఫ్లుకొనజోల్‌తో కలిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చట. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలకీ, రక్తం పలచబరిచే వార్ఫరిన్‌కీ ఫ్లుకొనజోల్‌తో గొడవ ఉంది. ఇన్నాళ్ళూ ఈ మాత్రను జ్వరం బిళ్ళ కొన్నట్టు కొనుక్కున్నాను.

గైనకాలజిస్టు చెప్పిన మందు తీరు ఇది. 150 మిల్లీగ్రాముల ఫ్లుకొనజోల్ రేపొకటి, ఆదివారం ఒకటి, వచ్చే బుధవారం ఒకటి. అంటే 72 గంటలకొకటి చొప్పున మూడు. ఆ తర్వాత వారానికొకటి, ఆరు నెలలు. ఆరు నెలలా అన్నాను భయంగా. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం గురించి చెప్పారావిడ. వారం వారం మాత్ర వేసుకున్నవాళ్ళలో ఆరు నెలల చివర్న నూటికి 90 మందికి పైగా జబ్బు లేకుండా ఉన్నారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 36 మంది. మందు ఆపేసిన ఆరు నెలలకి మాత్రం 90 కాస్తా 43 అయింది. ఈ రెండో సంగతీ దాచకుండా చెప్పినందుకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

జూన్ 9, ఆదివారం

ఇవాళ్టి నుంచి ఆదివారం మాత్ర. దురద బాగా తగ్గింది. రాత్రి నిద్రపట్టింది.

మా ఆయనకి చెప్పాను. సి షిఫ్టు చేసొచ్చి కాఫీ తాగుతున్నారు. స్టీల్ ప్లాంటులో ఎక్కడ ఏ చిన్న తేడా వచ్చినా లాగ్ బుక్కులో ఎక్కించే మనిషి. నెలల తరబడి ఎందుకు దూరంగా పడుకుంటున్నానో మాత్రం అడగలేకపోయారు. "నా వల్ల వచ్చిందా?" అన్నారు మెల్లగా. కాదండీ, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బుల లెక్కలోకి రాదు, మీకు దురద, ఎర్రదనం లేకపోతే మందూ అక్కర్లేదు అన్నాను. "ముందే చెప్పొచ్చు కదే" అన్నారు. కోపంగా కాదు. ఈ అనుమానం పెట్టుకుని మాట్లాడుకోని ఇళ్ళు ఎన్నున్నాయో. పెళ్ళాన్ని అనుమానించేవాళ్ళు, మొగుణ్ణి అనుమానించేవాళ్ళు.

జులై 21, ఆదివారం

వాన. మేడ మీద బట్టలు ఆరడం లేదు. మా వీధిలో ఏ దండెం చూసినా లోపలి బట్టలు టవలు కిందో లంగా కిందో ఉంటాయి. గాలి తగలదు, ఎండ తగలదు. చెమ్మగానే మళ్ళీ తొడుక్కుంటాం. నావి ఇవాళ పైనే ఆరేశాను. అత్తయ్యగారు చూసి ఏమీ అనలేదు. నూలువే వేసుకుంటున్నాను, బిగుతు లెగ్గింగులు మానేశాను. ఇవి జబ్బు తగ్గించే మందులు కావు, ఒంటికి కాస్త సుఖం. కానీ ఈ వానల్లో ఆ సుఖం కూడా కావాలి.

ఆగస్టు 9, శుక్రవారం

మా ఇంట్లో పనిచేసే ఆవిడ కోడలికి ఆరో నెల. "ఓలమ్మ, సెప్పుకోలేని బాద పడతందమ్మా పిల్ల. మీరేసుకున్న బిళ్ళ ఒకటుంటే ఇయ్యండి" అంది. గుండె గుభేలుమంది. కడుపుతో ఉన్నవాళ్ళు ఫ్లుకొనజోల్ మింగకూడదు. వాళ్ళకి లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు, 7 రోజులు, డాక్టరు చూసి ఇవ్వాలి. ప్రతినెలా 9న గర్భిణులకి సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా డాక్టరు చూస్తారు, ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అని. అదృష్టం, ఇవాళే 9. ఆశా కార్యకర్తకి ఫోను చేసి పంపించాను. సాయంత్రానికి మందుతో వచ్చారు.

పనావిడ పెద్ద కూతురు పోయిన ఏడాది సర్కారువాళ్ళ సురక్ష క్లినిక్కుకి వెళ్తే ఆకుపచ్చ కిట్టు ఇచ్చారట. అందులో సెక్నిడజోల్, ఫ్లుకొనజోల్ రెండూ ఉంటాయి. ల్యాబు లేని చోట లక్షణాలు చూసి వజైనోసిస్‌కీ ఈస్ట్‌కీ రెంటికీ కలిపి ఇచ్చే పద్ధతి. డబ్బు పుచ్చుకోరు. ఒకసారి వచ్చినవాళ్ళకి అదే మేలు. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకి మాత్రం ఒక్కసారైనా స్లైడు చూడాలి. దానికి కావలసింది గాజు పలక, చుక్క మందు, ఒక మైక్రోస్కోపు. ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఇది జరగాలని గట్టిగా అనిపిస్తోంది. ఆడవాళ్ళ దురద అంత చిన్న విషయం కాదు.

సెప్టెంబరు 17, మంగళవారం

పన్ను నొప్పి. దంతవైద్యుడు యాంటీబయాటిక్ రాయబోతుంటే నా సంగతి చెప్పాను, మగవాడైనా సరే. ఒకప్పుడైతే నోరు విప్పేదాన్ని కాదు. యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియానీ చంపుతుంది, దాంతో ఈస్ట్ పెరుగుతుంది. ఆయన ఎక్స్‌రే చూసి, చీము లేదు, ఇప్పటికి శుభ్రం చేస్తే చాలన్నారు.

ఆఫీసులో ఒకమ్మాయి కల్చర్‌లో గ్లాబ్రాటా అనే రకం వచ్చింది. ఫ్లుకొనజోల్‌కి సరిగా లొంగదది. ఆమెకి 600 మిల్లీగ్రాముల బోరిక్ ఆసిడ్ క్యాప్సూళ్ళు, రాత్రికొకటి చొప్పున 14 రోజులు లోపల పెట్టుకోమన్నారు. "క్యారమ్స్ బోర్డు మీద చల్లేది అదే కదక్కా, ఇంట్లో ఉంది" అంది. వద్దే తల్లీ అని చెయ్యి పట్టుకున్నాను. కొలత తెలియని పొడి అక్కడ పెట్టకూడదు. క్యాప్సూల్ అయినా నోట్లో వేసుకుంటే విషం. పిల్లలకి అందకూడదు, కడుపుతో ఉంటే అసలు వాడకూడదు.

డిసెంబరు 8, ఆదివారం

ఆఖరి ఆదివారం మాత్ర వేసుకున్నాను. జూన్ తర్వాత ఒక్కసారి కూడా రాలేదు. మూడు నెలల షుగర్ సగటు కూడా దిగింది.

డాక్టరమ్మ అన్నారు: మళ్ళీ వస్తే షాపుకి వెళ్ళొద్దు, ముందు నా దగ్గరికి రండి, స్లైడు చూసి మాత్ర ఇస్తాను, కావాలంటే ఇంకో ఆరు నెలలు. వస్తుందేమోనన్న భయం నాకుంది. కానీ ఏం చెయ్యాలో తెలియని భయం కాదు.

వదినకి బుధవారం పదిన్నరకి పేరు రాయించాను. ఆవిడకి షుగర్ పరీక్ష ఇంతవరకూ చేయించలేదట, ఆ రక్తం కూడా అక్కడే ఇప్పించాలి. వాడే మందులన్నీ సంచిలో వేసుకు రమ్మన్నాను, గుర్తున్న తేదీలు కాగితం మీద రాసుకోమన్నాను. "లోపలికి నువ్వూ వస్తావా?" అంది. వస్తానన్నాను.