రెండు రంధ్రాల సంగతి

కొన్నాళ్ళపాటు మా ఇంట్లో ఒక వాదం నడిచింది. వాది మా అబ్బాయి, ప్రతివాదిని నేను, విషయం ఒక పాత తుపాకి. వాదం ముగిసింది కనుక, మరచిపోకముందే ఇక్కడ వ్రాసిపెట్టుకుంటున్నాను.

మేముండేది పెన్సిల్వేనియాలో, ఊరికి కాస్త ఎడంగా. థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్ళగానే ఇక్కడ రైఫిళ్ళతో జింకల వేట మొదలవుతుంది. 2019కి ముందు సోమవారంనాడు మొదలయ్యేది, చాలా బడులకు ఆ రోజు సెలవు కూడా ఇచ్చేవారు. 2019 నుంచి శనివారానికి మార్చారు. ఇక్కడే పుట్టి పెరిగిన మావాడికి ఇప్పుడు ఇరవైరెండేళ్ళు. పక్కింటి పెద్దాయన వెంట తిరిగి వేట నేర్చుకున్నాడు. "ఎందుకురా చంపడం?" అని ఒకసారి అడిగాను. "కోడికూర తినేటప్పుడు ఈ ప్రశ్న అడగవేం నాన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ పెద్దాయన ఇల్లు అమ్మి కూతురి దగ్గరకు వెళ్ళిపోతూ, చట్టప్రకారం చేయవలసినవన్నీ చేసి, మావాడికి ఒక రైఫిలు ఇచ్చాడు. సైన్యాలు వదిలించుకున్న సరుకు చవకగా దొరికిన తొంభైలలో కొన్నదట. ట్రిగ్గరు పైన, బోల్టు పిడి పక్కన ఉన్న ఉక్కు మీద ఒక కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అన్న అక్షరాలు, ఇషాపూర్ అన్న పేరు, 1943 అన్న ఏడాది పోతపోసినట్టు స్పష్టంగా ఉన్నాయి. అది మన త్రీనాట్‌త్రీ. జిల్లా సాయుధ రిజర్వులో కానిస్టేబులుగా పనిచేసిన మా నాన్నగారు ముప్పై ఏళ్ళు భుజాన మోసిన తుపాకి. ఆయన మోసినది ఇదే అని కాదు, దీని తోబుట్టువు.

నా చిన్నప్పుడు పోలీసు లైన్లలో ఆయన తుపాకి శుభ్రం చేస్తుంటే పక్కన కూర్చునేవాణ్ణి. మడమ చివర ఇత్తడి రేకుకు చిన్న మూత ఉంటుంది. దాని లోపల నూనె సీసా, 'పుల్‌త్రూ' అనే తాడు ఉంటాయి. ఇన్నేళ్ళ తరువాత ఆ మూత ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో నా బొటనవేలికి గుర్తుంది. తెరిస్తే సీసా లోపలే ఉంది.

మావాడి ప్రతిపాదన ఇది: పైభాగాన ఎడమవైపు రెండు రంధ్రాలు వేసి టెలిస్కోపు బిగించాలి, గొట్టం మూతిదాకా కప్పి ఉన్న కర్రను సగానికి కోసి బరువు తగ్గించాలి. పెద్దాయన సలహా కూడా అదే. ఆయన కుర్రతనంలో, అంటే 1968లో చట్టం వచ్చి అడ్డుకట్ట వేసేవరకు, ఇలాంటి తుపాకులు టపాలో తెప్పించుకోగలిగేవారు. కొత్త వేట తుపాకి కొనలేనివారు వీటినే కోసుకుని, చెక్కుకుని, పిల్లలకు మాంసం పెట్టారు. వాళ్ళను తప్పు పట్టడానికి నేనెవరిని?

నా వాదం మొదట డబ్బుతోనే మొదలైంది. రంధ్రం పడిన రోజున సేకర్తల దృష్టిలో దీని విలువ పడిపోతుంది. పనివాడికి, టెలిస్కోపుకి పెట్టే సొమ్ముకు మరికొంత కలిపితే సాదా కొత్త వేట రైఫిలే వస్తుంది. మావాడు నవ్వి, "అమ్ముతావా ఏమిటి?" అన్నాడు. అమ్మను.

తరువాత చరిత్ర ఎత్తాను. 1943లో ఇషాపూర్ కార్మికులు దీన్ని బిగిస్తున్నప్పుడు ఆ కర్మాగారం చుట్టూ ఉన్న బెంగాలులో జనం తిండిలేక లక్షల్లో చచ్చిపోతున్నారు. ఆ కిరీటం ఆ పాలనదే. స్వాతంత్ర్యం తరువాత ఇషాపూర్ తుపాకులపై కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. ఇదంతా విని వాడు, "1919లో జలియన్‌వాలాబాగులో 1650 తూటాలు పేల్చినవీ ఈ జాతి తుపాకులే కదా. మనుషుల్ని చంపడానికి చేసినదాన్ని అన్నం పెట్టేలా మారిస్తే తప్పేమిటి?" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడన్నది తేలికగా కొట్టిపారేసే మాట కాదు.

మర్నాడు తుపాకిని మళ్ళీ బల్లమీద పెట్టి చూశాను. ముందు కర్రకు అడ్డంగా ఒక మర కనబడింది. ఇంగ్లండులో తయారైనవాటికి అది ఉండదట. కర్ర చీలిపోకుండా ఇషాపూర్ వారు వేసిన మర. అంటే దీన్ని ఎవరూ ముట్టుకోలేదని కాదు. మన పనివాళ్ళే మార్చారు, అది ఇంకొన్నాళ్ళు తన పని చేయడానికి. కాబట్టి మార్పు అనేదే దోషం కాదు. ఆ మర విప్పితే వస్తుంది. కోసిన కర్ర మళ్ళీ పెరగదు, తొలిచిన ఉక్కు పూడదు. నాకు కావలసిన గీత అక్కడ దొరికింది.

తుపాకులు బాగుచేసే ఆయన దగ్గరకు ఇద్దరం వెళ్ళాము. బోల్టుకు, తూటాకు మధ్య ఉండవలసిన సందు కొలిచి, గొట్టంలోకి చూసి, వాడుకోవచ్చన్నాడు. కర్ర కోయడం గురించి అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఈ తుపాకి గురి నిలకడ ఆ పొడవాటి కర్ర గొట్టాన్ని పట్టుకున్న తీరుమీద ఆధారపడి ఉంటుందట. కోస్తే అందంతోపాటు గురీ చెడవచ్చట. నేను చెబితే వినని మాట ఆయన చెబితే మావాడు విన్నాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. తుపాకి ఉన్నదున్నట్టు వేటకు వెళ్ళవచ్చు. తూటా మాత్రం సైన్యానిది కాదు, వేట చట్టం కోరినట్టు తగలగానే విచ్చుకునే సీసపు ముక్కుది. దీని వెనక గురిపలక రెండువందల గజాల దగ్గర మొదలవుతుంది, దగ్గరి గురికి తూటా కాస్త పైకి పోతుంది. అందుకని వాడు వేసవంతా కాగితాల మీద సాధన చేసి, తనకు నమ్మకం కుదిరిన దూరం డెబ్భై గజాలని తేల్చుకున్నాడు. అంతకు మించితే కాల్చనన్నాడు. గాయపడి అడవిలో ఎక్కడో చచ్చే జింకకు మన చరిత్రతో పనిలేదు కదా.

శనివారం పొద్దు గూకాక నారింజరంగు చొక్కాతో తిరిగివచ్చాడు. చేతులు ఖాళీ. కొమ్ముల జింక ఒకటి వచ్చిందట, నూటయాభై గజాల దూరాన చాలాసేపు నిలబడిందట.

"టెలిస్కోపు ఉంటే?" అన్నాను.

"ఉంటే కొట్టేవాణ్ణి. వచ్చే ఏడు వేరే రైఫిలు కొనుక్కుంటాను. దీన్ని ఇలాగే ఉండనీ."

తరువాత బల్లముందు కూర్చుని మడమ మూత తెరిచి సీసా తీశాడు. పుల్‌త్రూకి గుడ్డపీలిక చుట్టడం రాక నావైపు చూశాడు. కుర్చీ దగ్గరగా జరుపుకుని చూపించాను.