నా బలం చూసి ప్లాన్ ఎంచుకున్న, బొక్కబోర్లా పడ్డ

ఈ వారం పత్తి రేటు గురించి రాస్తనని ఎదురుచూసి ఉంటరు. ఈసారి నా తెలివితక్కువ పని గురించి రాస్తున్న. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

నేను పొద్దుగాల ఉరుకుతనని మీలో చాలామందికి తెలుసు. "ఈ వయసుల నీకేం పనే" అని చెరువుకట్ట మీద ఆపి అడిగినోళ్లు కూడా ఉన్నరు. పదేళ్ల కింద షుగర్ అని తేలితే డాక్టర్ నడవమన్నడు. నడక మెల్లమెల్లగ ఉరుకుడైంది. హైదరాబాద్ మారథాన్‌ల 21.1 కిలోమీటర్ల హాఫ్ మూడుసార్లు పూర్తి చేసిన. పోయిన ఏడాది మోకాలు నొప్పి మొదలైంది. ఉరుకుడు తగ్గించు, సైకిల్ తొక్కు, ఈత కొట్టు అన్నడు డాక్టర్. ఆ మాట పట్నంల ఉద్యోగం చేసే మా బిడ్డ చెవిన పడ్డది. "నాయినా, ఆ మూడూ కలిపి ఒక పోటీ ఉంది, ట్రయాథ్లాన్ అంటరు" అన్నది.

ముందు ఈత, తర్వాత సైకిల్, చివరికి పరుగు. మధ్యల గడియారం ఆగదు, బూట్లు తొడుక్కునే టైం కూడా లెక్కే. 1974ల అమెరికాల శాన్ డియాగోల మొదలైంది, 2000ల సిడ్నీ ఒలింపిక్స్‌లకు వచ్చింది. ఒలింపిక్ దూరం 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు. అందుల సగం స్ప్రింట్: 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు. హాఫ్ ఐరన్‌మ్యాన్ అని ఇంకొకటి, 2019 నుంచి గోవాల కూడా జరుగుతున్నది: 1.9 ఈత, 90 సైకిల్, 21.1 పరుగు.

బిడ్డ ఫోన్‌ల మూడు ప్లాన్లు పంపింది. ఒకటి కొత్తోళ్లకు, 12 వారాలు, స్ప్రింట్ కోసం. రెండోది 16 వారాలు, ఒలింపిక్ దూరానికి. మూడోది 20 వారాలు, హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు, వారానికి పది గంటల పైనే. నేను చివరి గడి మాత్రమే చూసిన. పరుగు 21.1. అది మనకు రోజూ తినే అన్నమే కదా అనుకుని మూడోది పట్టుకున్న. ఈతంటే భయం లేకుండె. చిన్నప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి మా నాయిన బాయిలకు తోసిండు. ఎండాకాలమంతా బాయిలనే ఉండేటోళ్లం.

ఇప్పుడు ఈత ఎక్కడ కొట్టాలె? మా బాయి నక్కవాగు పక్కన. ఫ్యాక్టరీలు వచ్చినంక ఆ వాగుల ఏమేం కలిసిందో ఈ దిక్కు రైతులకు నేను చెప్పాల్నా. పటాన్‌చెరు దిక్కు నీళ్ల గోస 1990లనే సుప్రీంకోర్టు దాకా పోయింది. మా బాయి నీళ్లు వాసన పట్టినయ్, నురగ తేలింది. దిగుడు మానేసినం. ఇప్పుడు అందుల తుమ్మచెట్లు మొలిచినయ్. మంజీరల దిగుదామంటే సంగారెడ్డి దగ్గర అది మొసళ్ల అభయారణ్యం. చివరికి బండి మీద 22 కిలోమీటర్లు పోయి, పైసలు కట్టి ఈత కొలనుల దిగిన.

కొలను పొడవు 25 మీటర్లు. ఒక్కసారి అవతలికి పోయేసరికి దమ్ము ఆగలేదు. గోడ పట్టుకుని నిలబడ్డ. పదేళ్ల పిల్ల నా పక్క నుంచి రెండుసార్లు పోయి వచ్చింది. నేర్పే పిల్లగాడు చూసి, "పెద్దయ్యా, మీది బాయి ఈత. తల పైకెత్తితే కాళ్లు కిందికి దిగుతయ్. ముఖం నీళ్లల్ల పెట్టాలె, గాలి నీళ్లల్లనే వదలాలె" అన్నడు. ఉరికేటోళ్లకు ఇంకో తిప్పలుంది. మడిమలు బిగుసుకుని ఉంటయ్, కాళ్లతోని బలంగ తన్ని దమ్మంతా అక్కడనే పోగొట్టుకుంటరు. నేనూ అంతే చేసిన. మూడు వారాలు ప్లాన్ చెప్పినంత చేయబోయి భుజం పట్టేసింది, మోకాలు మళ్లీ లేచింది.

అప్పుడు సమజైంది. ముప్పై ఏళ్లు వరి వేసినోడు కూడా మొదటిసారి క్యాప్సికం పెడితే పది గుంటలతోనే మొదలుపెడతడు. వరి అనుభవం ఉందని ఐదెకరాలు పెడతడా? పరుగుల నాది పదేళ్ల అనుభవం, ఈతల నేను నిన్నటి పిలగాడిని. ప్లాన్ చూసేటప్పుడు మనకు వచ్చింది కాదు, రానిది చూడాలె. కాలువ చివరి మడికి నీళ్లు అందుతున్నయా లేదా అని చూసే కదా మోటరు ఎంతసేపు నడపాల్నో లెక్కేస్తం.

సిగ్గు పక్కన పెట్టి 12 వారాల ప్లాన్‌కు వచ్చిన. ఈత మూడు రోజులు, సైకిల్ రెండు రోజులు, పరుగు రెండే రోజులు. పరుగు తగ్గించుడే అన్నిటికంటే కష్టమైంది, ఎందుకంటే అదొక్కటే నాకు వస్తది. వారంల ఒకసారి సైకిల్ దిగంగనే ఉరకాలె. మొదటి పది నిమిషాలు కాళ్లు మొద్దులైతయ్, తర్వాత దారికొస్తయ్. ప్రతి నాలుగో వారం పని తగ్గించుకోవాలె.

ప్లాన్ రాసినోడికి మన పని తెల్వదు. 16 లీటర్ల ట్యాంకు వీపున వేసుకుని మందు కొట్టిన రోజు ఇంక వేరే కసరత్తు అక్కర లేదు, అది లెక్కల రాసుకోవాలె. పత్తి ఏరేటప్పుడు రెండు వారాలు పోయినయ్. పోయినదంతా ఒక్కసారే చేయలేదు, ఆగిన కాడ నుంచి మళ్లీ మొదలుపెట్టిన. ఒక విడత యూరియా తప్పిందని రెండింతలు చల్లితే పైరు పడిపోతది కదా.

ఇప్పుడు ఎనిమిదో వారం. ఆగకుండ 400 మీటర్లు ఈదుతున్న, ఇంకా 350 కావాలె. మీలో ఎవరన్న మొదలుపెడితే ముందు డాక్టర్‌కు చూపించుకోండి, నీళ్లల్ల ఒక్కరే దిగకండి.

పోయిన ఆదివారం మనవరాలిని తీస్కపోయిన. గట్టు మీద కూసుని, "తాతా, నువ్వు ఈత ఎక్కడ నేర్చుకున్నవ్?" అని అడిగింది. మన బాయిల అన్న. "అయితే నన్ను కూడ ఆడికే తీస్కపో, ఈడ నీళ్లు కండ్లు మండుతున్నయ్" అన్నది.

నేనేం చెప్పాలె? మీ ఊళ్లె మెట్లుండి, మంచి నీళ్లున్న బాయి ఇంకా ఉంటే చెప్పండి. ఎంత దూరమైనా పిల్లను తీసుకుని వస్త.