‘ఫుల్ వెల్డింగ్’ అంటే ఎంత ఫుల్?

“రిటైరైన రైల్వే క్లర్కుకు వెల్డింగ్ సంగతి ఎందుకండీ?” అని మొన్న మీటింగులో ఒకరు అడిగారు. అడగాల్సిందే. జవాబు కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి.

నా చదువంతా తమిళంలో. తెలుగు రాత ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది. ఉద్యోగం ఇంజనీరింగ్ ఆఫీసులో మెజర్‌మెంట్ బుక్కులు, బిల్లులు. వెల్డింగ్ రాడ్డు చేత్తో పట్టలేదు. కానీ కాగితం మీద ఏ మాట ఉంటే దేనికి డబ్బిస్తామో చూడడమే నా పని.

ఆడికృత్తికకు కావళ్లెత్తుకుని వచ్చేవాళ్లు కూర్చోను మనం వేస్తున్న షెడ్డుకు కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్‌లో “ఫుల్ వెల్డింగ్” అని ఉంది. ఇంజనీరు గీసిన డ్రాయింగులో ఉన్నది “ఫుల్ పెనెట్రేషన్”. మన పక్క పట్టరైలలో ఫుల్ వెల్డింగ్ అంటే గొట్టం చుట్టూ ఎక్కడా విడవకుండా వెయ్యడం. డ్రాయింగు అడిగేది లోతు. గోడ మందం బయటి అంచు నుంచి లోపలి అంచు దాకా కరిగి ఒకటైపోవాలి. మన గొట్టం బయటి కొలత 88.9 మిల్లీమీటర్లు, గోడ 4.8. పైన రెండున్నర మిల్లీమీటర్లే కరిగి గ్రైండింగ్ పట్టి రంగు వేస్తే కంటికి ఏ తేడా తెలియదు. లోపల మాత్రం చుట్టూ కత్తిగాటు లాంటి సందు ఉండిపోతుంది. లాగుడు పడినప్పుడు చీలిక మొదలయ్యేది అక్కడే.

గొట్టాలు 6 మీటర్లవి, ట్రస్సు 12 మీటర్లది. కాంట్రాక్టరు రెండేసి గొట్టాలు కలిపి అతుకును సరిగ్గా నడిమధ్యన పెట్టాడు. మధ్యలో కింది గొట్టానికే లాగుడు ఎక్కువ. గాలి పైకప్పును పైకెత్తితే లెక్క తిరగబడి పై గొట్టం లాగుడులో పడుతుంది. 2016 డిసెంబరులో వర్దా తుపాను చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

“మరి టెస్టు చేయించండి” అన్నారు. ఏ టెస్టు? ఎర్ర రంగు పూసి తుడిచి, తెల్ల పొడి చల్లే డై పెనెట్రంట్ పైకి తెరుచుకున్న చీలికనే చూపిస్తుంది. మన అనుమానం లోపలి అంచు మీద. అల్ట్రాసోనిక్ చేయిద్దామని ఇంకో రైల్వే అన్న అన్నారు. పట్టాల అతుకులకు అది చేస్తారు, ఆ రిపోర్టులు నా టేబుల్ మీదికే వచ్చేవి. కానీ పట్టా దళసరి ఉక్కు. మామూలు వెల్డ్ పరీక్ష పద్ధతులు 8 మిల్లీమీటర్లకు తక్కువున్న గోడలను లెక్కలోకే తీసుకోవు. వంపు తిరిగిన సన్న గోడలో ఏ ప్రతిధ్వని ఎక్కడిదో చెప్పాలంటే ప్రత్యేక పద్ధతి, దానికి తగ్గ మనిషి కావాలి. ఎక్స్‌రే లాంటి రేడియోగ్రఫీ అయితే ఫిల్ములో కనిపిస్తుంది. ఇరిడియం మూలకం తెచ్చే సంస్థకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, చుట్టుపక్కల మనుషుల్ని దూరం పంపాలి. ఖర్చూ తక్కువ కాదు.

అన్నిటికన్నా చవకది హ్యాక్సా బ్లేడు! ట్రస్సులు ఇంకా నేల మీదే ఉన్నాయి కాబట్టి అదే గొట్టం ముక్కలతో, అదే వెల్డరు చేత ఒక నమూనా అతుకు వేయించాం. అడ్డంగా కోసి, ఆకురాయితో నున్నగా చేసి, ఇంజనీరు నీళ్లు కలిపిన నైట్రిక్ ఆసిడ్ పూశారు. కరిగిన భాగం ఒక రంగు, కరగనిది ఒక రంగు. గోడలో ఇంచుమించు సగం దాకే దిగింది, కింద నల్లటి గీత. ఇంకో పట్టీ కోసి లోపలి అంచు బయటికి వచ్చేటట్టు వంచితే ఆ గీత నోరు తెరిచింది. వెల్డరును నేను తప్పు పట్టను. చివరలు ఏటవాలుగా చెక్కకుండా, సందు వదలకుండా గొట్టాన్ని గొట్టానికి ఆనించి ఇస్తే ఎంత పనిమంతుడైనా బయటినుంచి లోపలి దాకా దిగలేడు.

ఇప్పుడు ఇంజనీరు రాసిచ్చిన ప్రకారం గొట్టం లోపల ఉక్కు రింగు పెట్టాలి, రెండు చివరలూ 30 డిగ్రీలు చెక్కాలి, మధ్యన సందు వదలాలి. ఎంత సందన్నది మళ్లీ నమూనా కోసి తేల్చుకోవాలి. ఐఎస్ 7310 ప్రకారం వెల్డరుకు పరీక్ష. వెల్డింగ్‌కు ముందే ప్రతి సందును కొలిచి సంతకం. నా లెక్కలో ఈ సంతకమే అన్నిటికన్నా గట్టి పరీక్ష. అతుకు మధ్య నుంచి జరగాలని 3, 6, 3 మీటర్లుగా కోస్తున్నారు. స్తంభం అడుగు పలకకు మాత్రం ఇంజనీరు మామూలు ఫిల్లెట్ చాలన్నారు. అక్కడా ఫుల్ పెనెట్రేషన్ కావాలని ఒకాయన పట్టుబట్టారు. అవసరం లేని చోట అడిగి డబ్బెందుకు పోసేది?

కోసిన ముక్క ఆఫీసు బీరువాలో పెట్టాను. ఆదివారం పది గంటలకు రండి, చూపిస్తాను. కొత్త నమూనా కూడా ఆ రోజే కోస్తున్నాం.