ముంగిట్లో బడి

పిల్లలూ! మీ చెల్లెలో తమ్ముడో అంగన్‌వాడీకి పోతూ ఉంటే, ఒకనాడు మీరూ వెంట వెళ్ళి చూడండి. హిందీలో ‘ఆంగన్’ అంటే ముంగిలి. ముంగిట్లో నడిచే బడి అన్నమాట! ఇవి మన దేశంలో 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలై, ఇప్పుడు ఊరూరా ఉన్నాయి.

కోనసీమలో ఒక కాలువగట్టున ఉన్న అంగన్‌వాడీకి మా మనుమరాలిని దిగబెట్టి వస్తూ ఉండేవాణ్ణి. వాకిట్లో మునగచెట్టు, పక్కన తోటకూర మడి. అక్కడి టీచరమ్మ పిల్లలను నెలనెలా తూచేది; జబ్బకు ఒక పట్టీ చుట్టి చూసేది. అయిదేళ్ళలోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గకపోతే పట్టీ ఆకుపచ్చ రంగు చూపుతుంది. అంతకు తగ్గితే పసుపు. 11.5కు కూడా తగ్గితే ఎరుపు, అది ప్రమాదం.

నాలుగేళ్ళ పిల్లవాడొకడికి పసుపు వచ్చింది. వాడు ఆటకు రాడు, గోడకు ఆనుకొని కూర్చుంటాడు. అన్నం రెండు ముద్దలు తిని లేస్తాడు. పొద్దున్నే చేతిలో చిప్స్ పొట్లం! టీచరమ్మ వాడి తల్లితో, “అమ్మా, ఆ పొట్లం మానిపించు. తక్కినది నేను చూసుకుంటాను” అన్నది.

మరునాటినుంచి వాడి చేయి పట్టుకొని ఒప్పులకుప్ప తిప్పింది, దాగుడుమూతలు ఆడించింది. ఆట కాగానే సబ్బుతో చేతులు కడిగించి, అన్నం, తోటకూరపప్పు, గుడ్డు పెట్టేవారు. ఆయా పప్పులో నిమ్మచెక్క పిండేది. ఎందుకో తెలుసా? రక్తానికి కావలసిన ఇనుము ఆకుకూరలో ఉంది. దానిని ఒంటికి పట్టించేది నిమ్మలోని సి విటమిను. గుడ్డులోని మాంసకృత్తులు కండను పెంచుతాయి. పరుగు ఆ కండకు బలమిస్తుంది. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 3 గంటలు కదలాలనీ, అందులో ఒక గంట ఒగర్చేటట్లు ఆడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఆడినవాడికి ఆకలి వేసింది. తిన్నవాడికి ఆడే ఓపిక వచ్చింది. నాలుగో నెలలో పట్టీ ఆకుపచ్చ చూపింది. ఆనాడు వాడు నా చేతికర్ర లాక్కొని, గుర్రం చేసుకొని వాకిలంతా తిరిగాడు!

మీరు పెద్దవాళ్ళు గదా! ఈ సాయంకాలం ఇంట్లో చిన్నవాళ్ళను కాసేపు పరుగెత్తించండి. తరువాత పక్కన కూర్చోబెట్టుకొని, ముందు మీరు ఆకుకూర తినండి. మిమ్మల్ని చూసే వాళ్ళూ తింటారు.