లైట్స్ ఆన్... పెగడపల్లి!

'లైట్స్ ఆన్' అన్న కేక వినపడగానే మనందరి కళ్లూ హీరో వైపో హీరోయిన్ వైపో తిరుగుతాయి. ఆ లైటు వేసిన కుర్రవాడి వైపు ఎవరు చూస్తారు చెప్పండి? సినిమా కబుర్లు రాసుకుని బతికే నేను కూడా చూడలేదు. ఆ తప్పు దిద్దుకున్నది ఏ స్టూడియో ఫ్లోరులోనో కాదు సుమండీ! జగిత్యాల జిల్లా పెగడపల్లిలో, వినాయకుడి పందిట్లో!

కరీంనగర్‌లో జగిత్యాల బస్సెక్కాను. గంగాధర దాటి కొండగట్టు దగ్గరికి వచ్చేసరికి బస్సులో సగం మంది అంజన్నకు చేతులు జోడించారు. జగిత్యాలలో బస్సు మారి పెగడపల్లిలో దిగేటప్పటికి పొద్దు వాలుతోంది. కింద వరి పచ్చగా, పైన మబ్బు నల్లగా. 2016 అక్టోబరు దాకా ఈ మండలం కరీంనగర్ జిల్లాలోదే. జిల్లా మారినా భాద్రపదంలో వాన మాత్రం మారలేదు!

ఆ రాత్రి చిందు యక్షగానం. ఆట పేరు భక్త ప్రహ్లాద. మన తెలుగు టాకీ కూడా 1932లో ఈ కథతోనే నోరు విప్పింది కదూ! హెచ్.ఎం. రెడ్డి గారు సురభి వాళ్లతో తీసిన చిత్రం అది. పైగా ఇదే జిల్లాలో గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహస్వామి వెలిశాడు. ఇక్కడివాళ్లకు నరసింహుడు ఇంటిదేవుడి లెక్క.

ఒకే తీగ, పన్నెండు లైట్లు

స్టేజీ వెనక ఇరవై రెండేళ్ల కుర్రాడు ఇనుప ట్రస్సు ఎక్కి లైట్లు బిగిస్తున్నాడు. నాలుగు షార్పీలు, ఎనిమిది ఎల్‌ఈడీ పార్ లైట్లు. షార్పీ అంటే మెడ తిప్పే లైటు. పెళ్లి బరాతుల్లో కత్తిలాగా ఆకాశాన్ని చీల్చుతూ పోతుందే, అదే. సెకండ్ హ్యాండులో అప్పు చేసి కొన్నాడట. లైట్లకంటే ముందు ఎర్త్ వైరు చూసుకున్నాడు. "వాన పడ్డదంటే గీ ఇనుము మీద చెయ్యి వెయ్యాలంటే భయం అన్నా. ఎర్త్ లేకపోతే పానం వోతది," అన్నాడు.

బోర్డు నుంచి ఒకే కేబులు బయల్దేరింది. అది మొదటి లైటులోకి దూరి, అందులోంచి రెండోదానికి, అక్కణ్నుంచి మూడోదానికి... దండలో దారం లాగా! ఒక్క తీగ మీద పన్నెండు లైట్లకూ వేరువేరు ఆజ్ఞలు ఎలా పోతాయి?

ఊళ్లో డప్పు చాటింపు విన్నారా? డప్పు అందరి గుమ్మాల ముందూ మోగుతుంది. కానీ తనకు సంబంధించిన మాట వచ్చినప్పుడే మనిషి చెవి నిక్కిస్తాడు. ఇదీ అంతే. దీని పేరు డీఎంఎక్స్-512. బోర్డు 512 ఛానళ్ల అంకెలను వరసపెట్టి చాటుతుంది, సెకనుకు 44 సార్ల దాకా! ఒక్కో అంకె 0 నుంచి 255 లోపు ఉంటుంది. ఒకటి మెడ తిప్పమంటుంది, ఒకటి తల వంచమంటుంది, ఒకటి రంగు మార్చమంటుంది. ఏ అంకె నుంచి వినాలో ప్రతి లైటుకూ ముందే చెప్పిపెట్టాలి. అదే దాని అడ్రసు.

మనవాడి షార్పీలకు 16 ఛానళ్ల చొప్పున కావాలి. కాబట్టి అడ్రసులు 1, 17, 33, 49. పార్‌లకు ఎనిమిదేసి చొప్పున 65, 73, 81... అలా చివరిది 121. మొత్తం 128 ఛానళ్లతో సరి!

స్విచ్చి వేశాడు. రెండో షార్పీ ఎటు తిరిగితే మూడోదీ అటే! 'రాముడు-భీముడు'లో రామారావు గారిలాగా ఒకటే రూపు. కాకపోతే ఇక్కడ బుద్ధి కూడా ఒకటే! చూస్తే రెండింటి అడ్రసూ 17. మళ్లీ ట్రస్సెక్కి మూడోదాన్ని 33 చేశాడు. అంతలో చివరి పార్ మిణుకుమంది. దానికొక చిన్న ప్లగ్గు గుచ్చాడు. లోపల 120 ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది. అది లేకపోతే తీగ చివరిదాకా పోయిన సంకేతం, గుట్ట కింద కేకేస్తే తిరిగొచ్చినట్టు వెనక్కొచ్చి తర్వాతివాటిని చెడగొడుతుంది.

చిన్న ఫ్లాష్‌బ్యాక్

ఈ మెడ తిప్పే లైట్లు 1981లో బార్సిలోనాలో జెనెసిస్ సంగీత బృందం కచేరీలో మొదటిసారి జనం ముందుకొచ్చాయి. అప్పట్లో ఏ కంపెనీ లైటు ఆ కంపెనీ బోర్డు మాటే వినేది. 1986లో అమెరికా రంగస్థల సాంకేతిక నిపుణుల సంఘం అందరికీ ఒకే భాషగా డీఎంఎక్స్‌ను కుదిర్చింది. ఆ భాషే తిరిగి తిరిగి పెగడపల్లి పందిట్లోకి వచ్చిందన్నమాట!

తాత మాట

హిరణ్యకశిపుడి వేషం కట్టిన పెద్దాయన ముఖానికి రంగు పూసుకుంటూనే బోర్డు దగ్గరికి వచ్చాడు. కాగడాలూ పెట్రోమాక్సూ చూసిన మనిషి.

"కొడుకా, లైట్లు మంచిగున్నయ్. గని నా కండ్లల్ల కొడితే తాళమేసేటోడు నాకు గనవడడు. నా మొఖం జనానికి గనవడది."

"షార్పీలు తెచ్చినందుకే కమిటోళ్లు పైసలిస్తున్నరు తాతా. అవి తిరగకపోతే కోస్తరు."

తాత ఇంకేం అనలేదు. గద పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆట మొదలైంది. షార్పీలు గిరగిరా తిరిగాయి, పిల్లలు ఈలలు వేశారు. కానీ ప్రహ్లాదుడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకైతే తెలియలేదు. వెలుగు చాలానే ఉంది, ముఖాలే లేవు. 'మాయాబజార్' (1957) పడవ పాటలో మార్కస్ బార్ట్‌లే గారి వెన్నెల గుర్తొచ్చింది. ఆ వెన్నెల తనను చూడమని అడగదు, సావిత్రిని చూడమంటుంది.

స్తంభం దగ్గర తండ్రీకొడుకుల వాదం ముదిరింది. "ఏడిరా నీ హరి?" అని తాత గద ఎత్తాడు. సరిగ్గా అప్పుడే... కరెంటు పోయింది!

జనరేటరు అందుకుంది. పార్‌లు వెంటనే వెలిగాయి. షార్పీలు మాత్రం లేవలేదు. వాటిలో ఉండేది డిశ్చార్జి దీపం. వేడి మీద ఆరిపోతే, చల్లబడేదాకా కొన్ని నిమిషాలు మళ్లీ వెలగదు. కుర్రాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. వేళ్లు వణుకుతుండగా ముందు వరస రెండు పార్‌లను పసుపు రంగుకు తెచ్చి, మిగతావి తగ్గించాడు.

పందిరి నిశ్శబ్దం. ఆ పసుపు వెలుగులో తాత కనుబొమ్మ కదలడం చివరి వరసకూ కనిపించింది. తెర వెనక నుంచి నరసింహుడు గర్జిస్తూ దూకాడు. నా పక్కనున్న పసివాడు కెవ్వుమని తల్లి ఒళ్లో దూరాడు!

షార్పీలు చల్లబడ్డాయి. మళ్లీ వెలిగించుకోవచ్చు. కుర్రాడి వేలు మీట మీదే ఉంది. బోర్డు పక్కనే కమిటీవాళ్లూ ఉన్నారు. అతను వేలు తీసేశాడు. హిరణ్యకశిపుడు కూలినదాకా తీసే ఉంచాడు. మంగళహారతి వేళకు మాత్రం నాలుగింటినీ వెలిగించి ఆకాశంలోకి తిప్పాడు, ఎవరి కంట్లోనూ పడకుండా.

ఆట అయ్యాక కమిటీ పెద్దాయన నోట్లు లెక్కపెట్టాడు. కుర్రాడు తలెత్తలేదు. పైసా కోయలేదు! "రేపటి ఆటకు గూడ గిట్లనే వెట్టు," అన్నాడాయన.

తెల్లారి బస్సు కోసం నిలబడ్డాను. కుర్రాడు కేబులు చుట్ట చుట్టుకుంటున్నాడు. తాత ముఖం కడుక్కుని వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసి, చాయ్ తాగడానికి తీసుకుపోయాడు. రంగు లేని ఆ ముఖాన్ని నేను గుర్తుపట్టనే లేదు. కుర్రాడు మాత్రం దూరం నుంచే గుర్తుపట్టాడు.