మా ఇంటి బెల్లంరంగు గచ్చు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ మాటన్న పెద్దలకు స్నానాలగది లేదు కాబోలు. ఉంటే మూడో మాట కూడా చేర్చి ఉండేవారు.

మాది మహమ్మద్‌నగర్. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా నిజామాబాదు జిల్లా అని రాసుకునేవాళ్ళం. పక్కనే నిజాంసాగరు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ ఆనకట్టకు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ అని పుస్తకాలు చెబుతాయి. మా అత్తమ్మ లెక్కలో మాత్రం అది ఆమె తాత కట్టిన కట్ట. ఆయన అక్కడ రాళ్ళు మోశాడట. అందుచేత రాయి, సున్నం, గచ్చు అనే మాటలు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఆఖరి తీర్పు అత్తమ్మదే. ఒక్కసారి మాత్రం ఆ తీర్పు కాదని నా పంతం నెగ్గించుకున్నాను. ఈ కథంతా ఆ నెగ్గడం గురించే.

ఆరేళ్ళ క్రితం పాత ఇల్లు విప్పి కొత్తది కట్టాం. అంతకుముందు మా స్నానాలన్నీ పెరట్లో జాలారు దగ్గర. నాలుగు షాబాదు బండలు, ఒక గోలెం, చుట్టూ తడకలు. కొత్త ఇంట్లో స్నానాలగది అద్దంలా ఉండాలన్నాను. నేలకూ గోడలకూ తెల్లటి నున్నని పలకలే కావాలన్నాను. “కాలు నిలుస్తదా బిడ్డా?” అని అత్తమ్మ ఒక్కసారే అడిగింది. “అందరిండ్లల్ల అవే ఉన్నయి అత్తమ్మా” అన్నాను. అందరిండ్లల్లో ఉన్నదానికి ఎదురు చెప్పే అత్తలు తక్కువ.

కిందటి చలికాలం ఒక తెల్లవారుజామున ఆ గదిలోంచి దబ్బుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే అత్తమ్మ నేలమీద ఉంది. కుడి మణికట్టు విరిగింది. కనుబొమ్మ చిట్లి ఆ తెల్లటి నేలమీద రక్తం. ఆరువారాలు పట్టీ కట్టారు. ఎముక అతికింది, కాని ఆమె ఆ గదిలో మళ్ళీ అడుగు పెట్టలేదు. పెరట్లో మూల చీర అడ్డం కట్టుకుని, చలిలో వణుకుతూ, మూడురోజులకొకసారి నాలుగు చెంబులు పోసుకునేది. దగ్గు పట్టుకుంది. గోరువెచ్చని నీళ్ళతో రోజూ తలంటుపోసుకున్నంత సేపు స్నానం చేసే మనిషి!

నేను ఏడిస్తే, “నీదేం తప్పున్నది, నేనే సూస్కోలే” అంది. తిడితే బాగుండును.

తరవాత ఆలోచించాను, ఆమె ఎందుకు చూసుకోలేదని. ఒక కంటికే శుక్లం ఆపరేషను అయింది. తెల్లటి నేలమీద నీళ్ళు మంచికళ్ళకే కనబడవు. నున్నని పలక నీటిబొట్టును పీల్చదు, పైన సబ్బు నురగ పొరలా పరుచుకుంటుంది. మా వారు రబ్బరు పట్టా తెచ్చి వేశారు. దానికింద నీళ్ళు చేరి పట్టాయే జారడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే పక్కింటి ప్రహరీ పనికి ఒక ముసలి సుతారి వచ్చాడు. మంచినీళ్ళకని మా ఇంటికి వచ్చి, సంగతంతా విని, “సిమెంటు గచ్చు ఎయ్యరాదమ్మా? రంగు కలిపి ఏస్తే సూడ సక్కగుంటది, కాలు నిలుస్తది” అన్నాడు. ఎర్రరంగు గచ్చు నాకూ తెలుసు. మా మేనత్తగారింట్లో ఉండేది. కేరళలో, చెట్టినాడులో నేటికీ ఆ నేలలున్న ఇళ్ళు ఉన్నాయి.

“ఎర్రగ వద్దు” అంది అత్తమ్మ మంచం మీదనుంచి. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఎర్ర ఆక్సైడులో కాస్త నలుపు, కాస్త పసుపు కలిపితే గోధుమరంగు వస్తుందని సుతారి చెప్పాడు. కామారెడ్డి నుంచి మూడు రంగులూ తెచ్చాం. ఇక్కడ తొందరపడకూడదు. తడిగా ఉన్నప్పుడు చిక్కగా కనిపించే రంగు ఆరితే సగం పాలిపోతుంది. అందుకని మూడు పాతపెంకుల మీద మూడు పాళ్ళు పూసి ఎండలో పెట్టాం. ఒకటి కాఫీపొడిలా వచ్చింది, ఒకటి ఇటికపొడిలా. మూడోదాన్ని అత్తమ్మ చేతిలోకి తీసుకుని, “కామారెడ్డి బెల్లపుముద్ద లెక్కున్నది” అంది. నెలన్నర తరవాత ఆమె మొహంలో నవ్వు చూశాను. రంగు ఖాయమైంది.

పలకలు పగలగొట్టిన రోజు నేను వంటింట్లోంచి బయటకు రాలేదు. ఒక్కొక్క సుత్తిదెబ్బకూ ఎంత పోసి కొన్నామో గుర్తొచ్చింది.

పని వివరం చెబుతాను, కట్టించుకునేవారికి పనికొస్తుంది. యాభై కిలోల సిమెంటుకు రంగు అయిదు కిలోలు మించకూడదు. మించితే గచ్చు బలం తగ్గుతుంది. మేము మూడే వేశాం. ఏ బస్తాకు ఆ బస్తా కలిపితే ఒక్కోచోట ఒక్కో ఛాయ వస్తుంది. మొత్తం సిమెంటూ రంగూ పొడిగానే ఒకేసారి కలిపి ఉంచుకోవాలి. కింద కంకర కాంక్రీటు, పైన అరంగుళం రంగు గచ్చు. తలుపు నుంచి తూము దాకా ఆరడుగులకు అంగుళంన్నర వాలు.

పైపొర దగ్గర సుతారికీ నాకూ పోట్లాట. అద్దంలా తోమి చూపిస్తానని ఆయన తాపీ పట్టుకున్నాడు. పనివాడి పరువంతా ఆ నునుపులోనే ఉంటుందాయె! “తాతా, అద్దం నాకొద్దు, ఒకసారి చూశాను” అన్నాను. చివరకు గోడలకు నడుమెత్తు దాకా ఆయన ఇష్టప్రకారం నునుపు, నేలకు నా ఇష్టప్రకారం చెక్కతో రుద్దిన గరుకు. గోడను గులకరాయితో రుద్దుతుంటే మా అబ్బాయి, మొరాకోలో స్నానశాలల గోడలకు సున్నం పూసి ఇలాగే రాతితో రుద్ది సబ్బు పడతారని, దాన్ని తడలక్త్ అంటారని చెప్పాడు. సుతారి విని, “ఆళ్ళకెవరు నేర్పిన్రో” అన్నాడు.

మూల ఒక సిమెంటు గద్దె, పక్కన పట్టుకోవడానికి ఇనుపగొట్టం పెట్టించాం. తలుపు గొళ్ళెం బయటినుంచి కూడా తీయగలిగేది వేయించాం.

తరవాత వారంరోజులు గచ్చును తడుపుతూ ఉండాలి. ఇంటిల్లిపాదీ బకెట్లు పట్టుకుని పక్కింటికి స్నానాలకు వెళ్ళాం. మొదటిరోజు వాళ్ళు టీ ఇచ్చారు, మూడోరోజు మంచినీళ్ళిచ్చారు, అయిదోరోజు తలుపు మాత్రం తీశారు. నేను అతితెలివితో, తడి నిలుస్తుందని తలుపు దగ్గర తడిపిన గోనెపట్టా పరిచాను. తీసి చూస్తే దాని మరక గచ్చులో దిగి ఉంది. ఎంత రుద్దినా పోలేదు. అత్తమ్మ వంగి చూసి, మంజీరలో ఇసుకమేటలా ఉందంది. కొన్నాళ్ళు గచ్చు తెల్లటి పొడి కక్కింది. అది సిమెంటులోని సున్నమే. పొడిబ్రష్‌తో దులిపితే తగ్గుతూ వచ్చింది. యాసిడు మాత్రం పోయకూడదు, గచ్చును తినేస్తుంది.

ఈ నేలలో నేను ముందు ఊహించని గుణం ఒకటుంది. పొడిగా ఉన్నచోట బెల్లంరంగు, తడిసినచోట చిక్కటి తంగేడుచెక్క కషాయం రంగు. ఎక్కడ నీళ్ళున్నాయో ఒంటికంటి చూపుకు కూడా తెలుస్తుంది.

గది తయారయ్యాక కూడా రెండురోజులు అత్తమ్మ పెరట్లోకే వెళ్ళింది. మేమెవ్వరం ఏమీ అనలేదు. మూడోరోజు పొద్దున్నే చెప్పులు విడిచి గడప దగ్గర నిలబడింది. ముందు చెంబెడు నీళ్ళు నేలమీద పోసింది. రంగు మారడం చూసింది. కుడికాలు పెట్టి, బొటనవేలితో గీరి చూసింది. ఎడమకాలు పెట్టింది. నేను లోపలికి రాబోతే, “నువ్వెందుకు? పో” అని తలుపు వేసుకుంది.

బయటే నిలబడ్డాను. గొట్టానికి గాజులు తగిలిన చప్పుడు. గద్దెమీద కూర్చున్నట్టుంది. చెంబు ముంచిన చప్పుడు. చాలాసేపు నీళ్ళ చప్పుడు. నా వంటింట్లో పప్పు మాడుతున్న వాసన వస్తున్నా కదలలేదు.

“కోడలా!” అని లోపల్నుంచి పిలిచింది. గుండె జారిపోయింది.

“ఏమైంది అత్తమ్మా?”

“నీళ్ళు సల్లగైనయి. ఇంకో బకెటు వేన్నీళ్ళు తే!”