కొండదారిలో మేం నలుగురం

పల్నాటి ఆడపిల్లకు కొండమీద సైకిలేమిటని నవ్వకండి. కొండదారుల సైకిలు పందెం 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ప్రవేశించిననాడే ఆడవాళ్ళకూ చోటుంది. ఇటలీ వనిత పావోలా పెజ్జో స్వర్ణం గెలిచింది.

మేం నలుగురం ఆదివారాలు కోటప్పకొండ ఘాట్‌రోడ్డు ఎక్కుతాం. గేర్ల సైకిలు ఒక్కటే, వంతులవారీగా తొక్కుతాం. వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి చైను మారిస్తే ఎత్తు తేలికవుతుంది, తొక్కుళ్ళు మాత్రం పెరుగుతాయి. ఫిజిక్సు ఊరికే ఏదీ ఇవ్వదు! ఎవరి చైను ఊడినా ముందున్నది ఆగాల్సిందే. "ఆగితే అదేం పందెం?" అంటాడు అన్నయ్య. ఒక్కదాన్నయితే నాన్న గడప దాటనివ్వడని వాడికి తెలియదా? మిరపకోతల్లో నేను చిక్కుకుంటే ముగ్గురూ చేలోకొచ్చి కాయలు కోశారు.

మాలో పెద్దామెకు మాఘంలో పెళ్ళి. గాలిపంపు మాకిచ్చి పోతానంది.

"పంపెందుకక్కా, నువ్వు రా" అన్నాం.